రగ్గు, నిప్పు, పెగ్గు: చలి రాత్రి టెంటులో చెల్లని సూత్రం

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, వంజంగి, అరకు కొండల మీదా, వికారాబాద్ అనంతగిరి అడవుల్లోనూ టెంటు వేసుకొని రాత్రి గడపడం తెలుగువారికి ఇప్పుడు మామూలు విహారమైంది. దానితోపాటే ఒక అభిప్రాయమూ స్థిరపడింది. మన చలి మంచుదేశాల చలి కాదు. బరువైన రగ్గు కప్పుకొని, టెంటు జిప్పు బిగించి, పక్కన కాస్త నిప్పు పెట్టుకొని, అలవాటున్నవారు ఓ పెగ్గు వేసుకుంటే రాత్రి హాయిగా గడిచిపోతుంది. అంతకు మించి చెప్పేదంతా దుకాణాలవాళ్ళు సరుకు అమ్ముకోవడానికి చెప్పే మాట. టెంట్లు అద్దెకిచ్చేవారూ, వెళ్ళివచ్చినవారూ, వెళ్ళబోయేవారికి సలహాలిచ్చేవారూ ఇదే మాట చెబుతుంటారు.

ఈ అభిప్రాయంలో నిజం బొత్తిగా లేదనలేం. మన్యంలో జనం ఖరీదైన సామగ్రి లేకుండానే తరతరాలుగా చలికాలం గడుపుతున్నారు. రగ్గు కప్పుకుంటే వెచ్చగా ఉంటుందన్నది అందరి అనుభవం. చలిమంట సుఖాన్ని కాదనేవారు లేరు. అయినా సూత్రం మొత్తంగా తప్పే. వెచ్చదనం బయటినుంచి తెచ్చుకొనేదన్న నమ్మకమే అందులోని ప్రతి అంశానికీ మూలం. రగ్గు వేడిని పుట్టించదు. టెంటు గుడ్డా పుట్టించదు. నిద్రలో ఉన్న మనిషి శరీరం సుమారు 75 వాట్ల వేడిని, అంటే పాతకాలపు ఫిలమెంటు బల్బు ఇచ్చేంత వేడిని, తెల్లవార్లూ విడుదల చేస్తుంది. ఎనిమిది గంటలకు అది దాదాపు 500 కిలోకేలరీలు. టెంటులో రాత్రంతా నమ్ముకోదగిన ఉష్ణాధారం అదొక్కటే. ఆ వేడి నేలలోకి, తడిలోకి, గాలిలోకి, ఆకాశంలోకి పోకుండా ఆపడమే అసలు పని. వాడుకలో ఉన్న సూత్రం ఆ పనిని వదిలేసి, కొన్నిచోట్ల దానికి ఎదురుగా నడుస్తుంది.

1. "మన చలి ఒక చలేనా?"

ఈ ధీమాకు ఆధారం పత్రికల్లో వచ్చే అంకె. లంబసింగి దగ్గరి చింతపల్లిలో రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీలని చదివినవారు 8 డిగ్రీలకే సిద్ధపడి వెళతారు. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని గాలి ఆడే తెల్లని పెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉంచుతారు. టెంటులో మనిషి పడుకొనేది నేల మీద. మబ్బులేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి కోల్పోతుంది. గడ్డి మట్టంలో ఉష్ణోగ్రత పెట్టెలోని అంకెకన్నా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగకముందే గడ్డి మీద మంచు గట్టిపడి కనిపించడానికి కారణం ఇదే.

చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. అందువల్ల లోయ అడుగున, జలాశయం గట్టు కింద వేసిన టెంటుకు, అదే కొండ వాలులో కాస్త ఎత్తున చెట్ల కింద వేసిన టెంటుకు మధ్య చలిలో స్పష్టమైన తేడా ఉంటుంది. చెట్టు కొమ్మలు నేల వేడిని ఆకాశంలోకి పోనీయకుండా కొంత అడ్డుకుంటాయి. బాగా పైకి, వంజంగి శిఖరం లాంటి చోటికి వెళితే చల్లగాలి నిలవదు గాని ఈదురుగాలి ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని గాలిపొరను ఊడ్చేస్తుంది. పల్లంలో ఒక ముప్పు, శిఖరం మీద మరొకటి. టెంటు ఎక్కడ వేశారన్నది చూడకుండా మన చలి ఎంతని అడగడంలో అర్థం లేదు.

పైగా ప్రాణాపాయానికి గడ్డకట్టే చలే అక్కర్లేదు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా తగ్గితే అది హైపోథెర్మియా. తడిసిన బట్టలు, గాలి, అలసట కలిస్తే బయట 10 డిగ్రీలున్నా ఆ స్థితి రావచ్చు. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ యాత్రికులు అకాల వర్షంలో, మంచులో చిక్కుకొని 240 మందికి పైగా చనిపోయారు. అక్కడి ఎత్తు వేరు, మన కొండల ఎత్తు వేరు. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున మాత్రమే ఉంది. కాని అది ఆగస్టు నెల అన్న సంగతి గమనించాలి. చలి తీవ్రతను నెలను బట్టో, రాష్ట్రాన్ని బట్టో తేల్చలేమని ఆ విషాదం చెబుతుంది.

2. "రగ్గు ఎంత బరువైతే అంత వెచ్చన"

రగ్గును వెచ్చగా ఉంచేది దాని బరువు కాదు, దాని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. నిశ్చలమైన గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. రగ్గు, బొంత, దూది పరుపు, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ గాలిని పట్టి ఉంచే సాధనాలే. ఆ గాలిని నొక్కి బయటికి పంపేస్తే వాటి గుణం పోతుంది. పడుకున్న మనిషి తన బరువుతో చేసేది సరిగ్గా ఇదే. వీపు కింద ఉన్న గుడ్డ అట్టలా నలిగిపోతుంది. పైన మూడు రగ్గులున్నవాడు కూడా కిందినుంచి వణకడానికి కారణం అది. పైన ఎన్ని కప్పినా నేలలోకి పోయే వేడి ఆగదు.

స్లీపింగ్ బ్యాగుల ఉష్ణోగ్రత స్థాయులు నిర్ణయించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 23537 కూడా ఈ సంగతినే ఒప్పుకుంటుంది. వేడిచేసిన మనిషి బొమ్మను బ్యాగులో పెట్టి చేసే ఆ పరీక్షలో కింద ఉష్ణ నిరోధక చాప తప్పనిసరిగా ఉంటుంది. అంటే బ్యాగు మీద ముద్రించిన అంకె చాపతో కలిపి వచ్చిన అంకె. చాప లేకుండా ఆ బ్యాగును కటిక నేల మీద పరిచినవారికి ఆ అంకె వర్తించదు.

చాపల శక్తిని ఆర్-విలువతో కొలుస్తారు. విలువ పెరిగేకొద్దీ వేడి కిందికి పోవడం తగ్గుతుంది. గాలి మాత్రమే నింపిన మామూలు ఎయిర్ బెడ్ విలువ 1 దరిదాపుల్లో ఉంటుంది; లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. చూపుకు సన్నగా ఉండే గట్టి ఫోమ్ చాపకు ఇంచుమించు 2 ఉంటుంది. ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి కాబట్టి రెండు ఫోమ్ చాపలు ఒక ఎయిర్ బెడ్‌కన్నా ఎంతో మేలు. మడత మంచం కూడా దానంతట అది పరిష్కారం కాదు. దాని కింద చల్లగాలి ఆడుతూనే ఉంటుంది. మంచం మీద కూడా చాప వేసుకోవాల్సిందే.

టెంట్లు అద్దెకిచ్చే చాలాచోట్ల అదనపు రుసుముకు అదనపు రగ్గు దొరుకుతుంది, అదనపు చాప దొరకదు. చేతిలో రెండు రగ్గులే ఉన్నవారు రెండూ కప్పుకోవడంకన్నా ఒకటి మడిచి కింద పరుచుకోవడం మేలు.

3. "బట్టలు ఎన్ని వేసుకుంటే అంత మంచిది"

ఈ సలహా అన్నిటికన్నా అమాయకంగా కనిపిస్తుంది, అన్నిటికన్నా తరచుగా వికటిస్తుంది. మబ్బుల సముద్రం మీద సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున వంజంగి ఎక్కేవారు ఉన్న స్వెటర్లన్నీ తొడుక్కొని కిందే బయలుదేరతారు. ఎక్కేటప్పుడు శరీరం విశ్రాంతిలో కన్నా ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోలేక చెమటవుతుంది. లోపలి నూలు బనియను ఆ చెమటను పీల్చుకొని ఒంటికి అంటుకుంటుంది. శిఖరం చేరి కదలకుండా కూర్చొనే సమయానికి, ఉష్ణోగ్రత కనిష్ఠానికి దిగే సూర్యోదయ వేళకు, ఒంటి మీద మిగిలేది తడిగుడ్డ. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పైన ఎన్ని స్వెటర్లున్నా చర్మాన్ని తాకిన తడిపొర తన పని తాను చేసుకుపోతుంది.

లెక్క బట్టల సంఖ్యలో లేదు, వరుసలో ఉంది. చర్మానికి ఆనుకొని తేమను పట్టి ఉంచని సన్నని దుస్తు, దాని మీద గాలిని నిలిపే ఉన్ని లేదా ఫ్లీస్, అన్నిటికీ పైన గాలిని ఆపే పలుచని జాకెట్. ఎక్కేటప్పుడు మధ్యపొర సంచిలో ఉండాలి. ఆగిన వెంటనే ఒంటి మీదికి రావాలి. కాస్త చలి వేస్తుండగానే నడక మొదలుపెట్టడం సరైన పద్ధతి. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను పీల్చుకున్నా వెచ్చదనాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. నూలుకు ఆ గుణం లేదు. పగలు వేసుకున్న బట్టలు పొడిగా అనిపించినా చెమట తేమ వాటిలో ఉంటుంది. అందుకే పడుకొనేందుకు ఒక జత బట్టలు, మేజోళ్ళు విడిగా పొడిగా దాచుకోవాలి. మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి బిగించి తొడిగితే గాలిపొర నలిగి, రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి.

4. "జిప్పు బిగిస్తే వేడి లోపలే ఉంటుంది"

టెంటు గుడ్డ మందం మిల్లీమీటరులో చిన్న భాగం. దానికి ఉష్ణాన్ని నిరోధించే శక్తి నామమాత్రం. టెంటు గాలినీ, మంచు తడినీ, వర్షాన్నీ ఆపుతుంది. అందుకే అది కావాలి. లోపలి గాలి బయటికన్నా కొద్ది డిగ్రీలే వెచ్చగా ఉంటుంది. ఆ కొద్ది డిగ్రీల కోసం రంధ్రాలన్నీ మూసేస్తే ఎదురయ్యేది తేమ.

ఊపిరి ద్వారా, చర్మం ద్వారా మనిషి కంటికి కనిపించకుండా రోజుకు ఇంచుమించు ముప్పావు లీటరు నీటిని కోల్పోతాడు. ఆ లెక్కన ముగ్గురు పడుకున్న టెంటులో తెల్లవారేసరికి ముప్పావు లీటరు నీటి ఆవిరి చేరుతుంది. దారి లేని ఆ ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీటిబొట్లవుతుంది, బొట్లు పడకల మీదికి జారుతాయి, రగ్గులు బరువెక్కుతాయి. తెల్లవారుజామున మూడు గంటలకు మొదలయ్యే వణుకుకు కారణం చలి పెరగడమే కాదు, అప్పటికి పడక తడిసి ఉండటం కూడా. టెంటు కారుతోందని తయారీదారుణ్ణి తిట్టేవారిలో చాలామంది తమ ఊపిరి తేమనే చూస్తున్నారు.

పైభాగంలోని గాలి కిటికీలు తెరిచి ఉంచడం, రెండు పొరల టెంటులో ఆ పొరలు ఒకదానికొకటి అంటకుండా బిగించడం, తడి బట్టలు లోపల ఆరవేయకపోవడం, రగ్గు ముసుగు లోపలికి ఊపిరి వదలకపోవడం ఈ సమస్యకు విరుగుడు. ముఖం బయట ఉంచి మెడ దగ్గర సందు మూసుకోవాలి. గాలి ఆడే టెంటు కాస్త చల్లగా ఉన్నా పడక పొడిగా ఉంటుంది. పొడి పడకలో నిద్ర పడుతుంది.

5. "పక్కన నిప్పుంటే భయం లేదు"

ఈ మాటలో రెండు నిప్పులున్నాయి; ఒకటి నిరుపయోగం, రెండోది ప్రాణాంతకం.

బయట వేసిన చలిమంట వేడి ప్రధానంగా కిరణాల రూపంలో వస్తుంది. ఎదురుగా ఉన్న ముఖం, చేతులు కాలుతుంటాయి, వీపు చల్లగానే ఉంటుంది. మంట పైకి పంపిన వేడిగాలి స్థానంలోకి చుట్టూ ఉన్న చల్లగాలి వచ్చి చేరుతుంది, అదీ వీపు మీదుగానే. దూరం పెరిగేకొద్దీ వేడి వేగంగా తగ్గుతుంది కాబట్టి టెంటులో ఉన్నవారికి దాని ప్రయోజనం దాదాపు శూన్యం. టెంటును మంటకు దగ్గరగా జరిపితే ఒక్క నిప్పురవ్వకు నైలాన్ గుడ్డ కరుగుతుంది. ఎండుటాకుల అడవిలో రాత్రంతా కాపలా లేని మంట అడవికీ ముప్పు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. చలిమంట వంటకు, కబుర్లకు పనికొస్తుంది. పడుకొనే ముందు నీళ్ళు పోసి ఆర్పేయాల్సిన వస్తువది.

రెండో నిప్పు టెంటు లోపలికి వచ్చేది: కుంపటి, ఇనుప బొచ్చెలో నిప్పులు, గ్యాసు హీటరు, స్టవ్వు. పొగ పోయి బొగ్గులు ఎర్రగా రాజుకున్నాక లోపలికి తెస్తే ప్రమాదం లేదన్నది చాలామంది నమ్మకం. ఇది పూర్తిగా తలకిందులు. పొగ హెచ్చరిక, అది కళ్ళు మండించి మనిషిని బయటికి తరుముతుంది. పొగలేని నిప్పులు వెలువరించే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, మంట లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని లక్షణాలు. వీటిని ప్రయాణ బడలికగానో, తాగిన మత్తుగానో పొరబడి మనిషి మళ్ళీ పడుకుంటాడు. ఇక లేవడు.

2020 జనవరిలో నేపాల్‌లోని దమన్‌లో చలికి తాళలేక గ్యాసు హీటరు పెట్టుకొని, తలుపులు, కిటికీలు మూసి పడుకున్న ఎనిమిది మంది కేరళ పర్యాటకులు తెల్లవారేసరికి ప్రాణాలు కోల్పోయారు. అది రిసార్టు గది. టెంటు అందులో ఎన్నో వంతు? జిప్పు కొంచెం తెరిచి ఉంచితే చాలనే సర్దుబాటు కూడా చెల్లదు. నిద్రలో ఉన్న మనిషి గాలి ఎంత ఆడుతోందో చూసుకోలేడు, గాలి దిశ మారితే తెలుసుకోలేడు. టెంటు లోపల మండే వస్తువేదీ ఉండకూడదు. దీనికి మినహాయింపు లేదు.

నిప్పు వేడే కావాలంటే దానికి సురక్షితమైన దారి ఉంది. 1 లీటరు నీళ్ళు 70 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు దిగేలోపు 35 కిలోకేలరీల వేడిని విడుస్తాయి. మూత గట్టిగా బిగిసే సీసాలో ఆ నీళ్ళు పోసి, మేజోడు తొడిగి, కాళ్ళ దగ్గర పెట్టుకుంటే ఆ వేడి అంతా పడకలోనే మిగులుతుంది.

6. "ఒక పెగ్గు, ఒక మంకీ క్యాపు"

మద్యం తాగగానే ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపించడం అబద్ధం కాదు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, లోపలి వెచ్చని రక్తం పైకి వస్తుంది. వేడిని గుర్తించే నాడులు ఎక్కువగా చర్మంలోనే ఉన్నాయి కాబట్టి మనిషికి హాయిగా ఉంటుంది. ఆ హాయి నిజానికి లోపలి వేడి బయటికి పోతున్న గుర్తు. చలిలో శరీరం రక్తనాళాలను కుదించుకొని కాపాడుకొనే వేడిని మద్యం ఖర్చుపెట్టిస్తుంది, వేడి పుట్టించే వణుకును మందగింపజేస్తుంది, పైగా ప్రమాదాన్ని గుర్తించే తెలివినీ మసకబారుస్తుంది. కొండ మీద, చీకట్లో, చలిలో మనిషికి చివరిదాకా అవసరమయ్యేది ఆ తెలివే.

తల ద్వారా ఒంటి వేడిలో సగం పోతుందన్న ప్రచారమూ ఇలాంటిదే. తల వైశాల్యం శరీరంలో సుమారు పదో వంతు; పోయే వేడీ ఇంచుమించు అంతే. మంకీ క్యాపు మంచిదే, తప్పక పెట్టుకోవాలి. అయితే అది పదో వంతు సమస్యకు పరిష్కారం. మిగిలిన తొమ్మిది వంతులు మెడ కింద ఉన్నాయి.

టీ గురించి కూడా లెక్క తెలుసుకోవడం మంచిది. 60 డిగ్రీల వేడి ఉన్న 150 మిల్లీలీటర్ల టీ శరీరానికి నేరుగా ఇచ్చే వేడి మూడున్నర కిలోకేలరీలే. అందులో వేసిన 10 గ్రాముల చక్కెర 40 ఇస్తుంది. రాత్రి పుట్టించాల్సిన 500 కిలోకేలరీలు చివరకు తిండి నుంచే రావాలి. 100 గ్రాముల వేరుశనగ పప్పులో 550 కిలోకేలరీలకు పైగా ఉంటాయి. కొవ్వు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. పడుకొనే ముందు పల్లీపట్టి తిన్నవాడు పెగ్గు వేసుకున్నవాడికన్నా వెచ్చగా నిద్రపోతాడు.

7. "ఇదంతా డబ్బున్నవాళ్ళ డాబు"

ఈ ఆక్షేపణ వినడానికి న్యాయంగా ఉంటుంది, నిలబడేది మాత్రం కాదు. పై అంశాల్లో ఖర్చుతో కూడినవి ఎన్ని? చోటు ఎంచుకోవడానికి డబ్బు అక్కర్లేదు. కిటికీ తెరవడానికి, పొడి బట్టలు దాచుకోవడానికి, నిప్పును బయటే ఉంచడానికి, పెగ్గు మానడానికి పైసా ఖర్చు లేదు. రెండు ఫోమ్ చాపల ఖరీదు ఒక మంచి రగ్గును మించదు.

పూర్వికుల పేరు చెప్పడం ఈ వాదానికి మరింత నష్టం. పుష్యమాసపు చలిలో కళ్ళం దగ్గర కాపలా పడుకొనే రైతు మొదట చేసేది వరిగడ్డి దట్టంగా పరుచుకోవడం. బోలు గడ్డిపోచల మధ్య నిలిచిన గాలి అతణ్ణి నేల నుంచి వేరుచేస్తుంది. మందతో తిరుగుతూ బయటే నిద్రించే గొర్రెల కాపరి భుజం మీది గొంగడి దక్కనీ గొర్రె ముతక ఉన్నితో నేసింది. చినుకును జార్చేస్తుంది, తడిసినా వెచ్చదనాన్ని ఒక్కసారిగా వదులుకోదు. కింద గాలిపొర, పైన ఉన్ని, ఒంటికి పొడిదనం అన్న సూత్రాన్ని వారు దుకాణంలో కొనుక్కోలేదు. రగ్గు, నిప్పు, పెగ్గు సూత్రం ఆ సంప్రదాయానికి వారసత్వం కాదు, దాన్ని మరిచిపోయిన పట్టణవాసుల కల్పన.

ఖరీదైన సామగ్రి కొన్నంత మాత్రాన సమస్య తీరదన్న మాట ఒప్పుకోవాల్సిందే. స్లీపింగ్ బ్యాగుల మీద సౌఖ్య, పరిమితి, తీవ్ర స్థాయులని మూడు ఉష్ణోగ్రతలుంటాయి. సుఖంగా నిద్రపట్టేది మొదటిదాని వద్ద. మూడోది ప్రాణం నిలుపుకొనే హద్దు మాత్రమే. దుకాణాల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె తరచుగా మొదటిది కాదు. దాన్ని నమ్మి వేలు పోసినవారు కూడా వణుకుతారు. అది తెలియక కొన్నవారి పొరపాటే గాని, జ్ఞానం అనవసరమనడానికి రుజువు కాదు.

కనుక శీతాకాలపు టెంటుకు క్రమం ఇది: పల్లమూ శిఖరమూ కాని, చెట్ల నీడ ఉన్న చోటు, ఒంటికింద రెండు పొరల చాప లేదా దట్టమైన గడ్డి, పడుకోవడానికి పొడి బట్టలు, కడుపులో కొవ్వున్న తిండి, తెరిచిన గాలి కిటికీ, ఆ తరువాతే రగ్గు. టెంట్లు అద్దెకిచ్చేవారు రగ్గుతోపాటు కింద వేసే చాపను విడి రుసుము లేకుండా ఇవ్వాలి. లోపలికి నిప్పు తీసుకెళ్ళనివ్వకూడదు, అడిగినా బొగ్గులు ఇవ్వకూడదు. అలా చేయని నిర్వాహకుడు అతిథులకు సౌకర్యం కల్పిస్తున్నానని చెప్పుకొనే అర్హత కోల్పోతాడు. చలి రాత్రికి నిప్పులు సరఫరా చేయడం ఆతిథ్యం కాదు, నిర్లక్ష్యం.